విరగడానికే ఆ రెక్క!

'విరగని రెక్కలు ఎక్కడ దొరుకుతాయి మావయ్యా?' అనడిగాడు మా మేనల్లుడు. వీడికి రెక్కలేమిటా అనుకుంటున్నారా? వాడికి కాదు లెండి, వాడి హెలికాప్టర్‌కి!

విజయవాడ ఆటోనగర్‌లో నాకో చిన్న లేత్ షాపుంది. ముప్ఫయ్యేళ్లుగా విరిగినవీ వంగినవీ అరిగినవీ చూస్తూనే ఉన్నాను. అందుకే మా చుట్టాల్లో ఎవరింట్లో ఏది విరిగినా మొదట నా గుమ్మంలోకే వస్తుంది. అక్క కొడుకు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. చిన్నప్పట్నుంచీ ఎగిరేది ఏదైనా సరే, నోరు తెరుచుకుని చూస్తుండిపోయేవాడు. నానమ్మ సంక్రాంతికిచ్చిన డబ్బులూ తను దాచుకున్నవీ కలిపి, కాలేజీలో సీనియర్ దగ్గర ఓ రేడియో కంట్రోల్ హెలికాప్టర్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. తిరునాళ్లలో అమ్మే అరచేతి బొమ్మ కాదది. ఆ సరదా ఉన్నవాళ్లు దాన్ని '450 సైజు' అంటారు. రెక్కలు విప్పితే ఆ చివర నుంచి ఈ చివరకు డెబ్భై సెంటీమీటర్లు. బరువు ముప్పావు కిలో పైమాటే. దాంతోపాటే నల్లగా నిగనిగలాడే కార్బన్ ఫైబర్ రెక్కలు కూడా వచ్చాయి.

రెండో రోజే పడింది. నడుమెత్తు లేచి, పక్కకి ఒరిగి, రెక్క నేలకు తగిలింది. చిత్రమేమిటంటే రెక్కలు అంచుల దగ్గర కాస్త పెచ్చులూడాయంతే, విరగలేదు. కానీ నిలువు షాఫ్టు వంగింది. రెండు రెక్కల్నీ అటూ ఇటూ పట్టి ఉంచే సన్నటి అడ్డ షాఫ్టూ వంగింది. ప్లాస్టిక్ గేరుకు నాలుగు పళ్లు రాలాయి. తోక గొట్టం సొట్టపోయింది. అన్నీ తెప్పించి బిగించుకుని ఎగరేస్తే, పదిహేను రోజులకు మళ్లీ అదే కథ. రెండు దెబ్బల ఖర్చూ కలిపితే హెలికాప్టర్ కొన్న డబ్బులో సగానికొచ్చింది.

మా బావ మైలవరం దగ్గర వ్యవసాయం చేస్తాడు. మాట తక్కువ మనిషి. 'ఇంకోసారి పడిందంటే అటకెక్కిస్తా. బుద్ధిగా చదువుకో' అన్నాడు. బావ అటకెక్కించిన వస్తువు మళ్లీ కిందికి దిగిన దాఖలా మా ఇంట్లో లేదు. అందుకే పిల్లాడు పరుగున నా దగ్గరికొచ్చాడు. ఇంకా ఖరీదైన, ఇంకా గట్టి కార్బన్ రెక్కలు కొంటే గండం గట్టెక్కుతుందని వాడి ఆశ.

'నీక్కావాల్సింది విరగని రెక్కలు కాదురా, విరిగేవి' అన్నాను. వాడు నాకేసి అదోలా చూశాడు.

ఆ దెబ్బ ఎటు పోతుంది?

వాడు చదువుకున్నవాడు కదా, కాగితం పెన్సిలు ఇచ్చి లెక్క కట్టమన్నాను. ఈ సైజు హెలికాప్టర్ రెక్కలు నిమిషానికి రెండున్నర వేల చుట్లు తిరుగుతాయనుకుందాం. అప్పుడు రెక్క చివర వేగం ఎంతో తెలుసా... గంటకు సుమారు 330 కిలోమీటర్లు! ఒక్కో రెక్క బరువు 30 గ్రాములే. అయినా తిరిగేటప్పుడు అది మొదలు దగ్గర బోల్టును నలభై కిలోల బలంతో బయటికి లాగుతుంది. అంటే సిమెంటు బస్తాకు కాస్త తక్కువ బరువు ఆ చిన్న బోల్టుకు వేలాడదీసినట్టే. రెండు రెక్కల్లోనూ కలిపి నిండి ఉన్న ఊపు, కిలో రాయిని మూడంతస్తుల మేడ మీంచి జారవిడిస్తే నేలను తాకేటప్పుడు ఉండే ఊపుకు దాదాపు సమానం.

రెక్క నేలకు తగిలిన క్షణంలో ఈ ఊపంతా ఎటో ఒకటు పోవాలి. రెక్క విరిగితే, ఆ విరగడంలోనే చాలావరకు ఖర్చయిపోతుంది. విరగకపోతే? రెక్క మొదల్లోంచి అడ్డ షాఫ్టుకి, అక్కణ్నుంచి నిలువు షాఫ్టుకి, దాన్నుంచి గేరు పళ్లకి పాకుతుంది. వాటిల్లో ఏది బలహీనంగా ఉంటే అది పోతుంది. కార్బన్ రెక్క బలమైనదే, ఆ మాట నిజమే. కానీ ఆ బలం తన ఒంటికే తప్ప హెలికాప్టర్‌కి కాదు. తాను తినాల్సిన దెబ్బను పక్కవాడి మీదికి తోసేస్తుంది!

ఎన్ని రకాలో...

ఇంతకీ ఈ రెక్కల్లో రకాలేమిటంటే... మొదటిది మెత్తటి ప్లాస్టిక్. అరచేతిలో ఇమిడే చిన్న హెలికాప్టర్లకు ఇవే వస్తాయి. ఒకదానిపైన ఒకటి ఎదురెదురు దిక్కుల్లో తిరిగే జంట రోటర్ల రకం చూసే ఉంటారు. ఆ రెక్కలు తేలిగ్గా ఉంటాయి. గోడకు తగిలినా వంగి మళ్లీ సర్దుకుంటాయి. అసలు కొత్తవాళ్లు నేర్చుకోవడం వీటితో మొదలెడితే సగం ఖర్చు తప్పుతుంది. గైరో సాయంతో కుదురుగా నిలబడే చిన్న ఒంటి రోటర్ హెలికాప్టర్లు కూడా ఇప్పుడు బాగానే దొరుకుతున్నాయి. ఒక్క జాగ్రత్త... రెక్కను పట్టి ఉంచే స్క్రూను బిర్రుగా బిగించకూడదు. దేనికైనా తగిలినప్పుడు రెక్క వెనక్కి మడుచుకునేంత వదులుండాలి. చాలామంది ఇళ్లలో పెద్దవాళ్లు 'స్క్రూ ఊడిపోతుందిరా' అంటూ గట్టిగా తిప్పేస్తారు. ఆ రెక్కలు వారం తిరక్కుండా విరుగుతాయి.

పెద్ద సైజుల్లోనూ ప్లాస్టిక్ రెక్కలున్నాయి. కానీ బరువెక్కువ, బిగువు తక్కువ. గట్టిగా దిగేటప్పుడు వంగి తోక గొట్టాన్నే కొట్టేయొచ్చు.

రెండోది చెక్క. ఇదేదో పాతకాలపు సరుకని చులకన చేయకండి. ముందంచుకి గట్టి కలప, వెనకంచుకి తేలికైన బాల్సా కలిపి, నున్నగా చెక్కి, పైన పల్చటి ప్లాస్టిక్ తొడుగు వేస్తారు. జర్మనీకి చెందిన డీటర్ ష్లూటర్ రేడియో కంట్రోల్ హెలికాప్టర్‌ను పట్టు తప్పకుండా ఎగరేసి చూపింది 1970 ప్రాంతంలో. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు ఈ సరదాకు ఆధారం చెక్క రెక్కలే. అంతెందుకు, నిజం హెలికాప్టర్ల సంగతే చూడండి. అమెరికాలో 1946లో పౌర అవసరాలకు వాడొచ్చంటూ తొలి ధ్రువపత్రం అందుకున్న బెల్-47కి కూడా మొదట్లో ఉన్నవి చెక్క రెక్కలే!

మూడోది ఫైబర్ గ్లాసు. చెక్కకన్నా గట్టిది, రెండు రెక్కల తూకంలో తేడా తక్కువ. గాల్లో ఒకేచోట నిలబెట్టడం వచ్చేసి, ముందుకీ వెనక్కీ నడపడం మొదలుపెట్టినవాళ్లకు బాగుంటుంది. నాలుగోది కార్బన్ ఫైబర్. రిమోట్ మీద వేలు కదిపిన మరుక్షణం హెలికాప్టర్ మాట వింటుంది. పల్టీలు కొట్టించేవాళ్లకు అది కావాల్సిందే. పడకుండా ఎగరేయడం వచ్చినవాళ్ల కోసం చేసిన వస్తువది. రోజూ పడేవాళ్ల చేతికి ఎందుకు?

మనవాడి హెలికాప్టర్‌కి 325 మిల్లీమీటర్ల రెక్కలు సరిపోతాయి. అదే కొలతలో చెక్కవి ఎంచాం. ఇప్పుడవి ప్రతి చోటా దొరకడం లేదు. కాస్త వెతకాల్సి వచ్చింది. దొరికాక చూస్తే, కార్బన్ జత కొనే డబ్బుకు చెక్కవి మూడు జతలొచ్చాయి. కొనేటప్పుడు పొడుగొక్కటే చూస్తే చాలదు. మొదలు దగ్గర మందం, బోల్టు రంధ్రం సైజు మన హెలికాప్టర్ పట్టుకు సరిపోవాలి. ఎన్ని చుట్ల వరకు తిప్పొచ్చో తయారీదారు చెప్పిన హద్దు కూడా చూడాలి. చెక్కను కార్బన్‌ని తిప్పినట్టు తిప్పకూడదు.

బావకు తెలిసిన పాఠమే!

అసలు కష్టం రెక్కలు కొనడం కాదు, బావను ఒప్పించడం. 'విరుగుతాయని తెలిసి మరీ కొంటారా? మీ మామా అల్లుళ్లిద్దరికీ పనిలేదా?' అన్నాడు.

'బావా, నీ రోటావేటర్‌కి ఇంజను వైపు షాఫ్టులో ఓ మెత్తటి బోల్టుంటుంది కదా, అదెందుకు?' అనడిగాను.

'చేలో రాయో మొద్దో తగిలితే బోల్టు తెగుతుంది, గేరుబాక్సు బతుకుతుంది.'

'దాని బదులు గట్టి బోల్టు వేస్తే?'

బావ కాసేపు మాట్లాడలేదు. మూడేళ్ల కిందట వాళ్ల పక్క చేను రైతు బోల్టు మాటిమాటికీ తెగుతోందని విసిగి, గట్టి ఇనప బోల్టు వేయించాడు. నెల తిరక్కుండా గేరుబాక్సు మొత్తం నా షాపుకొచ్చింది. ఆ బండిని ట్రాక్టర్ మీద తెచ్చింది మా బావే!

'అయితే ఆ చెక్కలు బోల్టులాంటివంటావ్' అన్నాడు చివరికి.

'కుక్కర్ మీద సేఫ్టీ వాల్వు లాగా' అంది అక్క, వంటింట్లోంచి. అంతే, నా పని సులువైపోయింది. మన ఇళ్లలో ఫ్యూజు తీగ చేసేదీ అదే. అది కరిగిపోతుంది, టీవీ బతుకుతుంది. ఎక్కడ విరగాలో ముందే అనుకుని, అక్కడ చవగ్గా మార్చుకునేలా పెట్టుకోవడం పనిమంతుల పద్ధతి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు మన్నిక అంటే ఇదేనని నా అభిప్రాయం. రెక్క ఎన్నాళ్లుందన్నది కాదు, ఆ రెక్క ఉన్నన్నాళ్లూ మిగతా హెలికాప్టర్ క్షేమంగా ఉందా లేదా అన్నది చూసుకోవాలి.

ఈ మాట అన్నిచోట్లా చెల్లదు. మన హెచ్‌ఏఎల్ తయారుచేసిన ధ్రువ్ హెలికాప్టర్‌కి నాలుగు కాంపోజిట్ రెక్కలుంటాయి. అక్కడ రెక్క విరగడమన్న మాటే ఉండకూడదు. లోపల మనుషులుంటారు. మనవాడి హెలికాప్టర్‌లో ఎవరూ ఉండరు కాబట్టే రెక్కను బలిచ్చి మిగతాదాన్ని కాపాడుకునే వెసులుబాటు!

తూకం... తూకం!

కొత్త రెక్కలొచ్చిన రోజు వాటిని బిగించనివ్వలేదు. ముందు తూకం చూడాలన్నాను. చెక్క దేవుడిచ్చిన వస్తువు, ఏ రెండు ముక్కలూ అచ్చం ఒకేలా ఉండవు. ముందు ఒక్కో రెక్కనీ కత్తి అంచు లాంటి దానిమీద అడ్డంగా నిలబెట్టి, బరువు కేంద్రం రెండిట్లోనూ మొదలు నుంచి ఒకే దూరంలో ఉందో లేదో చూడాలి. తర్వాత రెండిటినీ మొదళ్ల దగ్గర ఒకే బోల్టుతో కలిపి, చెరో వైపుకి చాపి, త్రాసులా నిలబెట్టాలి. ఏది పైకి లేస్తే అది తేలికన్నమాట. దానికి చిన్న రంగు టేపు ముక్క చుట్టి సరిచేయాలి. మా అక్క డైనింగ్ టేబుల్ మీద గంటసేపు ఇదే పని. బంగారం కొట్టువాడు కూడా అంత జాగ్రత్తగా తూచడేమో!

ఈ ఓపిక ఎందుకంటే, నిమిషానికి రెండు వేల చుట్లు తిరిగేదానిలో గ్రాములో సగం తేడా ఉన్నా హెలికాప్టర్ మొత్తం జ్వరమొచ్చినట్టు వణుకుతుంది. ఆ వణుకుడికి స్క్రూలు వదులవుతాయి, బేరింగులు అరుగుతాయి.

తూకం అయ్యాక బిగింపు. హెలికాప్టర్‌ని పక్కకు వంచి పట్టుకుంటే రెక్క తన బరువుకి జారకూడదు. కాస్త ఊపితే మాత్రం జారాలి. బోల్టు బిగింపుకి అదీ కొలత. తిరిగేటప్పుడు రెక్కలు ఎలాగూ వాటంతటవే నిటారుగా సాగుతాయి. ఆ తర్వాత రెండు చివర్లకూ రెండు రంగుల టేపు అంటించి, తగినంత దూరం నుంచి చూస్తే రెండూ ఒకే మట్టంలో తిరుగుతున్నాయో లేదో తెలిసిపోతుంది. ఒక రంగు పైన, ఒకటి కింద కనిపిస్తే రెక్క వాలును మార్చే లింకును ఒక చుట్టు తిప్పి సరిచేసుకోవాలి.

ఇంకో చిట్కా ఉంది. తిరిగే వేగం రెండున్నర వేల నుంచి రెండు వేలకు తగ్గించాం. వేగం తగ్గింది ఐదోవంతే కదా, దెబ్బలో తగ్గేది మూడోవంతు పైనే. ఎందుకంటే ఊపు వేగానికి వర్గంలో పెరుగుతుంది. ఈ లెక్క కూడా మేనల్లుడే కట్టి చూపించాడు. కాలేజీలో ఇదే సూత్రం చదివినప్పుడు లేని వెలుగు ఆ పూట వాడి మొహంలో చూశాను.

సరదాయే కానీ...

'మరి ఆ ముక్కలు ఎవరికైనా తగిలితే?' అంది అక్క. తల్లి కదా, రావాల్సిన ప్రశ్నే వచ్చింది. చెక్క రెక్క విరిగినప్పుడు ముక్కలు ఎగురుతాయి. అసలు ఏ రెక్కయినా, గంటకు మూడొందల కిలోమీటర్ల వేగంతో తిరిగేదాన్ని బొమ్మ అనకూడదు. 2013లో న్యూయార్క్‌లో 19 ఏళ్ల యువకుడొకరు తన మోడల్ హెలికాప్టర్ రెక్క తగిలి చనిపోయాడు. అతను ఈ సరదాకు కొత్తవాడు కూడా కాదు. ఆ హెలికాప్టర్ మావాడిదానికన్నా చాలా పెద్దదే. అయినా ఆ సంగతి వాడికి దాచకుండా చెప్పాను. భయపెట్టడానికి కాదు, హద్దులు ఎందుకో తెలియడానికి.

ఆ రోజే కొన్ని నియమాలు పెట్టుకున్నాం. రెక్కలు తిరుగుతున్నంతసేపూ ఐదారు మీటర్ల దూరంలో, హెలికాప్టర్ తోక మనవైపు ఉండేలా, దాని వెనక నిలబడాలి. కళ్లకు అద్దాలు తప్పనిసరి. కాలనీలో, పిల్లలు ఆడుకునే చోట ఎగరేయకూడదు. ఎగరేసేది కోత కోసిన బావ చేలో మాత్రమే. బ్యాటరీ పెట్టాక మోటారు దగ్గర చెయ్యి పెట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైంది... ఇక పడుతుందని అనిపించగానే ముందు మోటారు ఆపేయాలి. పడకుండా కాపాడదామని ఆఖరి క్షణందాకా ఇంకా పైకి లేపబోతారు కొత్తవాళ్లు. ఆ కంగారే సగం నష్టం చేస్తుంది.

ఒకసారి నేలకు తగిలిన చెక్క రెక్క బయటికి బాగానే కనిపించొచ్చు. పై తొడుగు కింద పగులు దాగి ఉంటుంది. బోల్టు రంధ్రం చుట్టూ గీత కనిపించినా, ప్లాస్టిక్ రెక్క మీద తెల్లటి మచ్చ పడినా పారేయాల్సిందే. జిగురుతో అతికించి మళ్లీ తిప్పడమంటే నలభై కిలోల బరువును ఆ జిగురు చుక్కకు వేలాడదీయడమే. తొడుగు చిరిగితే చెక్క చెమ్మ పీలుస్తుంది కాబట్టి, వానాకాలంలో తూకం మళ్లీ చూసుకోవాలి.

ప్రభుత్వ నిబంధనలు కూడా ఉన్నాయి. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం పావు కిలో నుంచి రెండు కిలోల బరువుండేవి 'మైక్రో' తరగతి కిందకొస్తాయి. వ్యాపారానికి కాకుండా సరదాకు ఎగరేస్తే పైలట్ లైసెన్సు అక్కర్లేదు. కానీ విమానాశ్రయాలు, రక్షణ స్థావరాల చుట్టుపక్కల ఆంక్షలుంటాయి. ఎగరేసే చోటు ఎర్ర జోన్‌లో లేదని మ్యాపులో చూసుకోవాలి.

నాలుగు నెలల లెక్క

వారానికోసారి చేలోకి వెళ్లేవాళ్లం. హెలికాప్టర్ కాళ్లకు రెండు పుల్లలు అడ్డంగా కట్టి, చివర్లకు పింగ్‌పాంగ్ బంతులు గుచ్చాం. పక్కకి ఒరిగినా రెక్క నేలను తాకకుండా ఇవి ఆపుతాయి. మిగతా రోజుల్లో కంప్యూటర్లో సిమ్యులేటర్ మీద సాధన. అందులో రోజుకు ఇరవైసార్లు పడినా పైసా ఖర్చుండదు. మొదటి నెలంతా జానెడెత్తులోనే. రెండో నెలలో నడుమెత్తు.

నాలుగు నెలల్లో విరిగినవి మూడు జతల చెక్క రెక్కలు. అడ్డ షాఫ్టు ఒక్కసారి మార్చాం. నిలువు షాఫ్టు, గేరు, తోక గొట్టం చెక్కుచెదరలేదు. బావ పొలం ఖర్చులు రాసుకునే పుస్తకంలో ఆఖరి పేజీలో ఈ లెక్క కూడా రాశాడు. కార్బన్‌తో రెండుసార్లు పడినప్పుడు అయిన ఖర్చులో నాలుగోవంతు కూడా కాలేదు. మూడో జత విరిగిన రోజు పిల్లాడు తలొంచుకుని ముక్కలు ఏరుతుంటే, గట్టుమీద కూర్చున్న బావ అన్నమాట నాకిప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. 'గేరుబాక్సు బాగానే ఉందా? అయితే ఇంకో జత బిగించు.'

ఇప్పుడు వాడు నిమిషం పైగా ఒకేచోట కదలకుండా నిలబెట్టగలుగుతున్నాడు. ఫైబర్ గ్లాసు రెక్కలకు మారదామా అని ఆలోచిస్తున్నాడు. పాత కార్బన్ జతను పారేయమన్నాను. పెచ్చులూడింది కదా, ఎంత ఖరీదైనదైనా దాన్ని మళ్లీ తిప్పకూడదు. గుర్తుగా గోడకు తగిలించుకున్నాడు.

సెలవుల్లో మీ పిల్లలూ ఇలాంటిదేదో అడగొచ్చు. దుకాణానికి వెళ్లగానే 'గట్టిది ఇవ్వండి, విరగనిది ఇవ్వండి' అనడం మనకలవాటు. ఈసారి అలా కాకుండా మూడు ప్రశ్నలు అడిగి చూడండి. ఇది పడితే మొదట విరిగేదేమిటి? దాని ధరెంత? అది మళ్లీ తేలిగ్గా దొరుకుతుందా? మూడింటికీ సరైన జవాబొస్తే నిశ్చింతగా కొనివ్వండి. పిల్లలు పడేస్తారు. పడేయకుండా ఎవరూ ఎగరేయడం నేర్చుకోలేదు!